ఖాళీ బండి తూకం

గాబ్రియేలు ఏ కాటానూ ఊరికే నమ్మినవాడు కాదు. ఎర్రగుంట్ల నుంచి సిమెంటు ఫ్యాక్టరీలకు పోయే రోడ్డు పక్కన, లారీలు తూచే వేబ్రిడ్జి గదిలో ఇరవై నాలుగేళ్ళు పనిచేశాడు. లారీ కాటా పలక ఎక్కాక మిషను చూపించిన అంకెను వెంటనే చీటీ మీద కొట్టేవాడు కాదు. కుర్చీలోంచి లేచి బయటికొచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగేవాడు. వెనక చక్రం పలక అంచు దాటి ఉందేమో, క్లీనరు టార్పాలిన్ కింద పడుకున్నాడేమో, పలక సందులో ఎవరైనా రాయి ఇరికించారేమో చూసేవాడు. డ్రైవర్లు విసుక్కునేవాళ్ళు.

"ఏమప్పా, మా మొకాలు దొంగల మాదిరి కనపడతాండాయా?" అంటే, "మొకాలు నేను తూయను" అనేవాడు.

పదిసార్లు తిరిగితే ఒకసారైనా ఏదో ఒకటి బయటపడేది. ఆ ఒక్కసారీ మిగిలిన తొమ్మిదిసార్ల తిరుగుడును నిలబెట్టేది. కొన్నేళ్ళకు అది ఉద్యోగం దాటి ఇంట్లోకి కూడా వచ్చింది. కూరగాయల బండివాడి తక్కెడ దగ్గరా, కొట్లో కట్టిచ్చిన పొట్లాల దగ్గరా, పాస్టరుగారు చెప్పే పత్రికా వార్తల దగ్గరా అతని కళ్ళు అలాగే చిన్నవయ్యేవి. భార్య విశ్వాసమ్మ రవికెలు కుడుతుంది. ఆమె కొలతలు తీస్తుంటే టేపు సాగిందేమో చూడమనేవాడు.

యాభై రెండో ఏట అతని మూత్రపిండాలు చెడిపోయాయి. బీపీ ఎన్నాళ్ళనుంచి ఉందో ఎవరికీ తెలియదు. నడుం నొప్పికని మందుల షాపులో అడిగి మింగిన బిళ్ళలు ఎన్నో అతనికే తెలియదు. కాళ్ళు వాచి, అన్నం వాసనకే కడుపులో తిప్పి, కడపకు తీసుకుపోయేసరికి డయాలసిస్ తప్ప దారి లేదన్నారు. అప్పటినుంచి రెండేళ్ళుగా సోమ, బుధ, శుక్రవారాలు అతనివి కాకుండా పోయాయి. పొద్దున ఆరున్నర బస్సు. కడపలో డయాలసిస్ సెంటరు. ఎడమ చేతిలో రెండు లావుపాటి సూదులతో నాలుగు గంటలు మంచం మీద. ఇంటికొచ్చాక ఆ పూటంతా పడక. మర్నాడు కాస్త మనిషవుతాడు, ఆ మర్నాడు మళ్ళీ బస్సు. వేబ్రిడ్జి ఓనరు ఆరు నెలలు ఓపిక పట్టి వేరే మనిషిని పెట్టుకున్నాడు.

వీటన్నిటికంటే కష్టమైంది నీళ్ళు. మూత్రం దాదాపు రాదు కనుక తాగిన ప్రతి గుక్కా ఒంట్లోనే ఉండిపోతుంది. టీ, మజ్జిగ, మాత్రలు మింగే నీళ్ళు, అన్నీ కలిపి రోజుకు మూడు చిన్న గ్లాసులు దాటకూడదన్నారు. ఎర్రగుంట్లలో మే నెల వచ్చిందంటే సున్నపురాయి దుమ్ము గొంతులో పేరుకుంటుంది. విశ్వాసమ్మ ఆ మూడు గ్లాసులూ పొద్దున్నే ఒక సీసాలో పోసి మంచం పక్కన పెట్టేది. అతను ఒక గుక్క నోట్లో పోసుకుని, చాలాసేపు అటూ ఇటూ తిప్పి, మింగాలా వద్దా అని ఆలోచిస్తున్నవాడిలా కూర్చునేవాడు.

సెంటరులో సూదులు గుచ్చకముందు ప్రతి మనిషినీ తూస్తారు. అదనపు నీరు ఏమీ లేనప్పుడు ఆ మనిషి ఎంత ఉండాలో ఫైల్లో ఒక అంకె రాసి ఉంటుంది. దాన్ని డ్రై వెయిట్ అంటారు. గాబ్రియేలుది యాభై ఎనిమిది కిలోలు. దానికి మించి ఎంత తూగితే అంత నీరు చేరినట్టు. అదంతా మిషను లాగేయాలి.

సంక్రాంతి దాకా అతను రెండు కిలోల లోపే ఎక్కువ తూగేవాడు. ఏప్రిల్ వచ్చేసరికి అది మూడయింది, మే నాటికి నాలుగు దగ్గరికి వచ్చింది.

"మళ్ళా తాగినావా అన్నా?" అన్నాడు టెక్నీషియన్ రామాంజి.

"మూడు గ్లాసులే తాగినా."

"మూడు గ్లాసులకు మూడున్నర కిలోలు యాడ నుంచి వస్తాదన్నా? నాకు చెప్పకుంటే పోనీ, నీ పాణానికి నువ్వు చెప్పుకో."

మాట మెత్తగానే ఉండేది. మిషను మాత్రం మూడున్నర లీటర్లకు పెట్టేవాడు. మూడో గంటలో గాబ్రియేలు పిక్కలు రాళ్ళలా బిగుసుకునేవి. చెమట పట్టి, కళ్ళముందు చీకటి కమ్మి, బీపీ పడిపోయేది. రామాంజి పరుగెత్తుకొచ్చి కాళ్ళు పైకెత్తి, సెలైన్ ఎక్కించి, ఉన్నకాడికి ఆపేసేవాడు. ఆ తర్వాత నిలబడే శక్తి ఉండదు. మంచం మీదినుంచి చక్రాల కుర్చీలోకి, కుర్చీలోనుంచి ఆటోలోకి. మర్నాడంతా తల తిరుగుడు. ఆదివారం చర్చిలో అందరూ పాటకు లేస్తే అతను బెంచీ పట్టుకుని కూర్చుండిపోయేవాడు.

పక్క మంచం ఓబుళేశుది. కమలాపురం దగ్గర రైతు, అదే బస్సు ఎక్కేవాడు. ఓబుళేశు తాగుతాడు. రామాంజి దగ్గర దాచినా గాబ్రియేలు దగ్గర దాచడు.

"నిన్న రెండు చెంబులు మజ్జిగ తాగినా. ఎండకు పాణం పోతాంటే ఏం జేస్తాం అప్పా," అని బస్సులోనే చెప్పేవాడు. అయినా అతనికి పిక్కలు పట్టవు. నాలుగు గంటలూ సెల్‌ఫోన్ చూసుకుంటూ పడుకుని, లేచి నడుచుకుంటూ బస్టాండుకు పోతాడు.

తాగినవాడు నడిచిపోతున్నాడు, తాగనివాడు కుర్చీలో పోతున్నాడు. గాబ్రియేలు కళ్ళు చిన్నవయ్యాయి. సరిగ్గా ఏప్రిల్లోనే ఆ సెంటరులో పాత కాటా తీసి కొత్తది పెట్టారు. నల్లటి అద్దం పలక, ఎర్ర అంకెలు. దాని అడుగున కాళ్ళు నాలుగూ నేలకు ఆనుతున్నాయో లేదో చూద్దామని ఒకరోజు వంగబోయాడు. తల తిరిగి గోడ పట్టుకున్నాడు.

ఇంటి సంగతి ఇంకొకటి. ఒక పొద్దున వంటింటి అటక కింద ఉన్న నీళ్ళ బిందె మీద సుద్దగీత కనిపించింది. మర్నాడు గీత ఇంకాస్త కిందికి జరిగింది. పాత గీతను చేత్తో తుడిచిన జాడ ఉంది. విశ్వాసమ్మ పడుకోబోయేముందు నీళ్ళు ఎంతదాకా ఉన్నాయో గీసి, లేచాక సరిచూసుకుంటోందని రెండో రోజుకు అర్థమైంది. లోకంలో ఉన్న లారీలన్నిటినీ తాను అనుమానించాడు గాని తనమీద గీత గీసినవాళ్ళు ఎవరూ లేరు. ఆ మధ్యాహ్నం అన్నం సగంలో వదిలేశాడు.

"ఏమే, నీళ్ళ దొంగను పట్టుకున్నావా?" అన్నాడు.

ఆమె కుట్టుమిషను ఆపకుండానే, "ఇంట్లో తాగడం ల్యా. తెలిసిపోయింది. బస్టాండు కాడ తాగుతాండావేమో, టీ అంగట్లో తాగుతాండావేమో నాకేం తెలుసు," అంది.

"నేను తాగడం ల్యా అంటే నమ్మవా?"

"కాటా చెప్తాంది గదా. నువ్వే అంటావు గదా, మనిషి మాట కంటే కాటా మేలని."

అతను కూడా ఆమె మీద ఒక కన్ను వేసి ఉంచాడు. కొన్ని నెలలుగా ఆమె పొద్దున్నే వంటింటి తలుపు వేసుకుంటోంది. పొగ బయటికి రాకుండా అంటుంది, గ్యాస్ పొయ్యికి పొగేమిటి? దోసెలు మెత్తగా, కొంచెం మందంగా వస్తున్నాయి. బాగానే ఉన్నాయి, అదే అతనికి నచ్చలేదు. పెరటి గుమ్మం ముందు ఒక వీధి కుక్క ఆ వేళకు వచ్చి కాచుకుని కూర్చుంటోంది. వారానికోసారి పక్కింటి గిడ్డమ్మ గోడమీదుగా ఏదో సంచి అందిస్తోంది, తాను చూస్తే ఇద్దరూ కొంగులు సర్దుకుంటున్నారు. ఎవరో నాటుమందు చెప్పి ఉంటారు, అది తన తిండిలో కలుస్తోంది అనుకున్నాడు. ఆ మందే ఒంట్లో నీరు పట్టిస్తోందేమో. అడిగితే అబద్ధం చెబుతుంది. అందుకని అడక్కుండా చూస్తూ ఉండిపోయాడు. రెండు ప్రాణులు ఒక ఇంట్లో ఒకరినొకరు కాపలా కాస్తూ మే నెల మూడు వారాలు గడిపారు.

నాలుగో వారం సోమవారం నాడు గాబ్రియేలు ఒక పని చేశాడు. ముందురోజు చర్చి నుంచి వస్తూ శనక్కాయల మండీ పుల్లయ్య దగ్గర పది కిలోల ఇనుప తూకపు రాయి అడిగి ఇంటికి తెప్పించాడు. తూనికల శాఖ ముద్ర పడిన రాయి. సూదులు పడే చేత్తో బరువు మోయకూడదు కనుక విశ్వాసమ్మే దాన్ని గుడ్డ సంచిలో పెట్టుకుని బస్సెక్కింది. ఎందుకని అడగలేదు. ఆమెకూ ఇది తేలిపోవాలనే ఉంది.

సెంటరులో కాటా ముందు సంచి విప్పగానే రామాంజి నవ్వు ఆపుకున్నాడు. "ఏందన్నా, మా మిషనుకే పరీక్షా?"

"రాయి పెట్టు."

రాయిని ఒక్కదాన్నే పెట్టారు. పది కిలోలు, సున్నా గ్రాములు. గాబ్రియేలు చెప్పులు విడిచి ఎక్కాడు. అరవై ఒకటి ఎనిమిది వందలు. విశ్వాసమ్మ రాయి అతని కుడిచేతికి అందించింది. డెబ్బై ఒకటి ఎనిమిది వందలు. దిగి, నాలుగు కాళ్ళూ చూసి, మళ్ళీ ఎక్కాడు. అదే.

కాటా నిజమే చెబుతోంది.

విశ్వాసమ్మ ఆగలేకపోయింది. ఆరు మంచాల మీది వాళ్ళూ వింటుండగా, "ఇప్పుడన్నా చెప్పు. యాడ తాగుతాండావు?" అంది.

గాబ్రియేలు మంచం ఎక్కి మొహం గోడవైపు తిప్పుకున్నాడు. సూదులు గుచ్చుతుంటే కూడా ఇటు తిరగలేదు. ఇరవై నాలుగేళ్ళలో తాను నిలదీసిన డ్రైవర్లలో నిజంగా ఏ తప్పూ చేయనివాళ్ళు ఎందరున్నారో అని మొదటిసారి అనిపించింది. ఓబుళేశు అవతలినుంచి, "పోనీలేప్పా, నేను తాగడంలే?" అన్నాడు. ఆ ఓదార్పు మరీ కష్టంగా ఉంది.

కాసేపటికి అతని బుర్ర పాత దారిలో పడింది. కాటా దొంగ కాదు. తాను దొంగ కాదు. అయినా లెక్క తప్పుతోంది. వేబ్రిడ్జిలో ఇలాంటప్పుడు మొదట ఏం చూసేవాడు? బండి రెండుసార్లు తూగిందా లేదా అని చూసేవాడు. లోపలికి వచ్చేటప్పుడు ఒకసారి, బయటికి పోయేటప్పుడు ఒకసారి. ఇక్కడ తనను పోయేటప్పుడు తూచి ఎన్ని రోజులైంది? నెలన్నర. నిలబడలేడు కనుక తూకం లేకుండానే ఆటో ఎక్కిస్తున్నారు.

ఆ రోజూ మూడో గంటలో పిక్కలు పట్టేశాయి. రామాంజి ఆపేసి సెలైన్ ఎక్కించాడు. కుర్చీ తోసుకొస్తుంటే గాబ్రియేలు కళ్ళు మూసుకునే, "ఇప్పుడు తూయి," అన్నాడు.

"నిలబడలేవన్నా. మేం పట్టుకుంటాంలే."

"పట్టుకుంటే అది తూకం కాదు. ప్లాస్టిక్ కుర్చీ యేసి కూసోబెట్టు. తర్వాత కుర్చీ తూయి."

రామాంజి విసుగ్గానే అయినా చేశాడు. కుర్చీ బరువు తీసేస్తే అరవై కిలోల రెండు వందలు. గాబ్రియేలు ఆ అంకెను విశ్వాసమ్మ చేత మందుల చీటీ వెనక రాయించాడు.

బుధవారం కూడా విశ్వాసమ్మ వెంట వచ్చింది. పొద్దున కాటా ఎక్కితే అరవై ఒకటి ఏడు వందలు వచ్చింది.

"మూడు కిలోల ఏడు వందలు ఎక్కువన్నా," అన్నాడు రామాంజి అలవాటుగా.

"ఎవరికంటే ఎక్కువ? మొన్న ఈ గుమ్మం దాటేటప్పుడు అరవై రెండు వందలు. ఇప్పుడు అరవై ఒకటి ఏడు వందలు. రెండు దినాల్లో నేను తెచ్చింది కిలోన్నర. ఆ కిలోన్నర తిండిదీ, మూడేసి గ్లాసులదీ. ఔనా కాదా?"

రామాంజి చీటీ చూశాడు, కాటా చూశాడు. కిలోన్నర అంటే ఎవరూ వేలెత్తి చూపే పని లేదు. "ఔననుకో," అన్నాడు నెమ్మదిగా.

"ఆ యాభై ఎనిమిది ఎప్పుడు రాసినారు?"

ఫైలు తిప్పితే పోయిన ఏడాది మార్చి అని ఉంది. పధ్నాలుగు నెలలు.

గాబ్రియేలు కాటా పక్క బల్లమీద కూర్చుని చెప్పాడు. "మా కాడికి ఒక టిప్పరు వస్తాండె. ఖాళీ బండి తూకం ఒకసారి తూసి కంప్యూటర్లో పెట్టుకుంటిమి. ప్రతిసారీ అదే తీసేస్తాంటిమి. ఒక నెల నుంచి ప్రతి ట్రిప్పుకూ రెండు కింటాళ్ళు ఎక్కువ రాయి చూపిస్తాంది. క్వారీ ఆయప్ప డ్రైవరును దొంగ అన్నాడు, డ్రైవరు నన్ను దొంగ అన్నాడు. కొట్టుకునేదాకా పోయింది. కడాకు చూస్తే ఆ బండికి కొత్త తొట్టి కట్టించినారు. ఖాళీ బండే బరువెక్కింది. ఎవురూ దొంగ కాదు. పాత అంకె ఒకటే తప్పు."

"అంటే నీ ఒళ్ళు పెరిగిందంటావా?"

"అదే తెలీడం ల్యా. నేను తినేది అదే దోసె, అదే అన్నం. ఏం తిని పెరుగుతా?"

విశ్వాసమ్మ చీటీని నాలుగు మడతలు పెట్టింది. విప్పింది. మళ్ళీ మడతపెట్టింది. గాబ్రియేలు ఆ చేతులవంక చూస్తూ ఉన్నాడు.

"గుడ్లు," అందామె.

"ఏం గుడ్లు?"

"దినానికి మూడు తెల్లసొనలు. దోసె పిండిలో గిలక్కొట్టి పోస్తాండా. క్రిస్మస్ అయినప్పట్నుంచీ." గొంతు తగ్గించింది. "మొదట్లో డాక్టరు గుడ్డు మాన్పించినాడు, మిషను పెట్టినాక తినమంటాండారు, ఇందులో ఏదో ఉండాది, నేను తిననంటివి గదా నువ్వు. ఈడ తిండి సంగతి చెప్పే ఆయమ్మ నాకు రెండుసార్లు చెప్పింది. మిషను మింద ఒంట్లో బలం పోతాదంట. తినకుంటే మనిషి నిలవడంట. నీతో కొట్లాడేదెవరని నేనే కలిపినా. గిడ్డమ్మ కోళ్ళవి. పచ్చసొన కుక్కకు పోస్తాంటి."

ఓబుళేశు మంచం మీదినుంచి పెద్దగా నవ్వాడు. రామాంజి నవ్వలేదు, డాక్టరమ్మను పిలవడానికి పోయాడు.

గాబ్రియేలుకు నవ్వు రాలేదు. అయిదు నెలలు తనకు తెలియకుండా తనకే తిండి పెట్టింది. మరి అదే మనిషి బిందె మీద గీత గీసింది, నిన్నగాక మొన్న అందరిముందూ నిలదీసింది. రెండూ ఒకే చేతులు చేశాయి.

"అడిగింటే చెప్పింటివా?" అన్నాడు.

"నువ్వు అడిగింటివా?"

డాక్టరమ్మ వచ్చి అతని కాలి ఎముక మీద బొటనవేలితో నొక్కింది. గుంట పడలేదు. వీపు మీద స్టెతస్కోపు పెట్టి ఊపిరి విన్నది. పడుకోబెట్టి, లేపి, బీపీ చూసింది. ఫైల్లో తేదీ చూసింది.

"ఈ ఎక్కువ బరువులో నీరు కొంచెమే. మిగతాది కండ," అంది. "నెలనెలా చూడాల్సింది. మార్చి దాకా పెద్ద తేడా లేదని మార్చలేదు. ఏప్రిల్లో నేను సెలవులో ఉన్నాను, మే నెలలో కాయితం చూసి సంతకం పెట్టాను. నా తప్పే. ఇన్నాళ్ళూ లేని నీటిని లాగుతున్నాం. పిక్కలు పట్టకుండా ఎలా ఉంటాయి?"

తప్పు ఒప్పుకున్న డాక్టరును గాబ్రియేలు అంతకుముందు చూడలేదు. అందుకే ఆమెను కూడా కాసేపు అనుమానంగా చూశాడు. ఆ రోజు కిలోన్నర మాత్రమే తీశారు. నాలుగు గంటలూ అయ్యాయి. కాళ్ళు కిందపెట్టి, మంచం కమ్మీ పట్టుకుని, వదిలాడు. నేల కదల్లేదు. బస్టాండుదాకా నడిచే పోతానంటే విశ్వాసమ్మ రెండడుగులు వెనకగా నడిచింది.

జూన్ నెలలో అంకెను అరవైకి మార్చారు, తర్వాత మరో అరకిలో పెంచారు. పోయేటప్పుడు నిలబడలేనివాళ్ళను కూడా కుర్చీలో కూర్చోబెట్టి తూయడం మొదలుపెట్టారు. దప్పిక మాత్రం ఎక్కడికీ పోలేదు. సీసాలో అవే మూడు గ్లాసులు. రాత్రిళ్ళు ఒళ్ళు దురద. మామిడికాయ ముక్క తినాలంటే భయం. కాని చర్చిలో పాటంతా నిలబడి పాడగలిగాడు. మంగళ, గురువారాలు పొద్దున మూడు గంటలు వేబ్రిడ్జి గదిలో కూర్చోమని ఓనరు పిలిచాడు. కొత్తగా పెట్టుకున్న మనిషి బండ్ల చుట్టూ తిరగడం లేదట. గాబ్రియేలు పోయాడు. తిరిగేటప్పుడు మధ్యలో ఆగి ఊపిరి తీసుకునేవాడు. డ్రైవర్లతో మాత్రం మునుపటికంటే ఒక మాట తక్కువ మాట్లాడేవాడు.

ఇంట్లో గుడ్లు ఇప్పుడు తలుపు తీసే కొడుతోంది విశ్వాసమ్మ. అతను తెల్లసొన తింటూ, "ఇంకేమన్నా కలుపుతాండావా?" అని అడుగుతాడు. "కలిపితే నీకు చెప్తానా?" అంటుంది. ఆమె మొహంలో ఏమీ కనిపించదు.

జూలైలో ఒక సోమవారం ఓబుళేశు బస్సెక్కలేదు. ఆదివారం రాత్రి ఆయాసం ముంచుకొస్తే పెద్దాసుపత్రికి తీసుకుపోయారని తెలిసింది. పది రోజుల తర్వాత కమలాపురంలో బస్సు మెట్టు ఎక్కేటప్పుడు మనిషి సగమై ఉన్నాడు. మొహం మాత్రం ఉబ్బింది. గాబ్రియేలు పక్కన కూర్చుని, వంగి, అతని కాలి ఎముక మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. గుంట పడి అలాగే ఉండిపోయింది.

"నీ అంకె ఎప్పటిది?"

"నాకేం తెలుసప్పా."

"నువ్వు చిక్కిపోయింటావు. నీ ఖాళీ తూకం తగ్గింటాది. వాళ్ళు పాత అంకె పెట్టుకుని నీరు ఒంట్లోనే ఇడిసిపెడతాండారేమో."

సెంటరుకు పోగానే ఓబుళేశు ఫైలు చూపించమని రామాంజిని పట్టుకున్నాడు. రామాంజి, "అన్నా, నువ్వు ఈడ పేషెంటువి," అన్నాడు. గాబ్రియేలు అక్కడే నిలబడ్డాడు, కదల్లేదు. చివరికి రామాంజి ఫైలు తెరిచి చూపించాడు. ఓబుళేశు అంకె అయిదు రోజుల కిందటే మార్చి ఉంది. డాక్టరమ్మ ఆసుపత్రికి పోయి చూసి మరీ తగ్గించింది. తేదీ, సంతకం ఉన్నాయి.

"నాది మజ్జిగప్పా," అన్నాడు ఓబుళేశు మంచం మీద పడుకుంటూ. ఈసారి నవ్వలేదు. "మా అన్న కూతురి పెండ్లిలో మజ్జిగ, నీళ్ళు కారే కళింగర పండు. అదే. నువ్వు ఊరికే ఎతకాకు."

గాబ్రియేలు తల ఊపాడు. తన మంచం మీదికి పోయి ఎడమ చెయ్యి చాపాడు. సూదులు గుచ్చాక రామాంజి అవతలికి పోయేదాకా ఆగి, "ఆ సంతకం నిజంగా డాక్టరమ్మదేనా?" అని పక్కన కూర్చున్న విశ్వాసమ్మను అడిగాడు.